మీ కారు చక్రాలు: పాఠకుల సందేహాలు, మా సమాధానాలు

ఇంజన్ గురించి, మైలేజీ గురించి మాకు తరచూ ఉత్తరాలు వస్తుంటాయి. ఈసారి వచ్చిన వాటిలో చక్రాలకు సంబంధించినవే ఎక్కువగా ఉండడంతో ఈ సంచికలోని శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాం. చక్రమంటే టైరు ఒక్కటే కాదు. టైరును పట్టి ఉంచే రిమ్ము, రిమ్మును హబ్బుకు (చక్రాన్ని మోస్తూ తిరిగే ఇరుసు చివరి భాగానికి) బిగించే నట్లు, లోపల నిలిచే గాలి, వీటన్నిటినీ కలిపి చూసినప్పుడే ఈ ప్రశ్నలకు సరైన జవాబు దొరుకుతుంది.

ప్రశ్న: మారుతీ స్విఫ్ట్ బేస్ మోడల్ కొన్నాను. 14 అంగుళాల ఇనుప రిమ్ములు, 165/80 ఆర్14 టైర్లు వచ్చాయి. వాటిని తీసేసి అల్యూమినియం మిశ్రమలోహంతో చేసిన 16 అంగుళాల అలాయ్ వీల్స్ వేయించాలని ఉంది. నాలుగు నట్ల కారుకు నాలుగు రంధ్రాలున్న అలాయ్ ఏదైనా సరిపోతుందని దుకాణంలో అంటున్నారు. ఇది నిజమేనా? రిమ్ము మీద చెక్కి ఉండే అంకెల అర్థమేమిటి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: నిజం కాదు. రంధ్రాల సంఖ్య కలిసినంత మాత్రాన రిమ్ము కారుకు సరిపోయినట్టు కాదు. ఆ రంధ్రాల మధ్య బిందువులను కలుపుతూ ఒక వలయం గీస్తే, ఆ వలయం వ్యాసాన్ని పీసీడీ అంటారు. స్విఫ్ట్‌కు అది 4×100, అంటే నాలుగు రంధ్రాలు, 100 మిల్లీమీటర్ల వ్యాసం. ఫియట్ పుంటోకు కూడా రంధ్రాలు నాలుగే, కానీ దాని కొలత 4×98. రెండు మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు, కాస్త బలవంతం చేస్తే నట్లు కూడా ఎక్కుతాయి. అయితే అలా ఎక్కించిన చక్రంలో స్టడ్లు (నట్లు ఎక్కే మర కడ్డీలు) పక్కకు ఒరిగి ఉంటాయి, నట్టు తన గాడిలో పూర్తిగా కూర్చోదు, కొంత దూరం నడిచాక వదులవుతుంది. నడుస్తున్న కారు నుంచి చక్రం ఊడిపోయే ప్రమాదానికి ఇది ఒక ప్రధాన కారణం కాబట్టి ఈ కొలత విషయంలో ఎవరి మాటా నమ్మకుండా, రిమ్ము వెనక వైపు ఉన్న అంకెను మీ కళ్లతో చదవండి.

రెండోది రిమ్ము నడిమధ్యన ఉండే పెద్ద రంధ్రం కొలత. స్విఫ్ట్‌కు ఇది 54.1 మి.మీ., పోలోకు 57.1 మి.మీ., క్రెటాకు 67.1 మి.మీ. బయట మార్కెట్లో అమ్మే అలాయ్‌లు అనేక కార్లకు సరిపోవాలి కనుక ఈ రంధ్రాన్ని పెద్దదిగానే తయారుచేస్తారు. హబ్బుకూ రిమ్ముకూ మధ్య మిగిలిన ఖాళీని హబ్ రింగ్ అనే సన్నని ఉంగరం నింపుతుంది. అది లేకపోతే చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోవడానికి నట్లు తప్ప మరో ఆధారం ఉండదు. అప్పుడు ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ (చక్రంలో బరువును అన్ని వైపులా సమం చేయడం) చేయించినా 80 కిలోమీటర్ల వేగం దాటగానే వణుకు వస్తూనే ఉండవచ్చు. వీటి ఖరీదు చాలా తక్కువ. మీరే అడిగి వేయించుకోండి.

ఇక రిమ్ము మీద "6జె×15 ఈటీ45" అని ఉందనుకుందాం. 6 అంటే టైరు అంచులు కూర్చునే చోట రిమ్ము వెడల్పు అంగుళాల్లో, 15 అంటే వ్యాసం అంగుళాల్లో, జె అన్నది అంచు ఆకారానికి గుర్తు. ఈటీ45 అంటే హబ్బుకు ఆనుకునే ముఖం రిమ్ము మధ్యరేఖ కంటే 45 మి.మీ. బయటి వైపుకు ఉందని అర్థం. ఈ ఆఫ్‌సెట్ సంఖ్య తగ్గేకొద్దీ చక్రం కారు బయటికి జరుగుతుంది. ఉదాహరణకు 6 అంగుళాల ఈటీ45 రిమ్ము తీసి 7 అంగుళాల ఈటీ35 రిమ్ము వేశారనుకోండి. అదనపు అంగుళం వెడల్పులో సగం, అంటే 12.7 మి.మీ., దానికి ఆఫ్‌సెట్‌లో తగ్గిన 10 మి.మీ. కలిపితే బయటి అంచు 22.7 మి.మీ. ముందుకు వస్తుంది, లోపలి అంచు కూడా 2.7 మి.మీ. లోపలికి జరుగుతుంది. నలుగురు కూర్చుని స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడు ఫెండరుకు (చక్రం పైనుండే కారు రేకుకు) టైరు రాసుకోవడం, స్టీరింగ్ బరువెక్కడం, వీల్ బేరింగులు త్వరగా అరగడం, ఇవన్నీ దీని పర్యవసానాలే.

ఆ తర్వాత చూడవలసింది టైరుతో కలిపి చక్రం మొత్తం ఎత్తు. 165/80 ఆర్14 అంటే టైరు వెడల్పు 165 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. లెక్కవేస్తే పక్క గోడ 132 మి.మీ., చక్రం మొత్తం వ్యాసం 619.6 మి.మీ. స్విఫ్ట్ పై మోడళ్లకు కంపెనీయే ఇచ్చే 185/65 ఆర్15 వ్యాసం 621.5 మి.మీ. 16 అంగుళాలకు వెళ్లదలిస్తే 195/55 ఆర్16 వ్యాసం 620.9 మి.మీ. మూడింటి మధ్య తేడా రెండు మిల్లీమీటర్లలోపే కాబట్టి స్పీడోమీటరు లెక్క తప్పదు. అదే 205/55 ఆర్16 వేస్తే వ్యాసం 631.9 మి.మీ. అవుతుంది, మీటరు చూపించే దానికంటే కారు దాదాపు రెండు శాతం ఎక్కువ వేగంతో వెళుతుంది.

వ్యాసం సరిపోయింది గదా అని 16 అంగుళాలకు వెళ్లమని మాత్రం మేము చెప్పం. 195/55 ఆర్16 పక్క గోడ ఎత్తు 107 మి.మీ. మాత్రమే. అంటే గుంతకూ రిమ్ముకూ మధ్య ఇప్పుడు మీకున్న రబ్బరులో 25 మి.మీ. తగ్గిపోతుంది. వానాకాలంలో నీళ్లు నిండిన గుంత లోతు తెలియని మన రోడ్ల మీద ఆ 25 మి.మీ. చాలా విలువైనది. మీ కారుకు మా సలహా 15 అంగుళాలు, అది కూడా స్విఫ్ట్ పై మోడల్‌కు కంపెనీ ఇచ్చిన రిమ్ము, టైరు కొలతలే. అలా చేస్తే మరో చిక్కు కూడా తప్పుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. పైగా కారులో చేసిన మార్పును బీమా కంపెనీకి తెలియజేయకపోతే క్లెయిము సమయంలో వివాదం తలెత్తవచ్చు. ఏది వేయించినా ముందు బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి.

టైరు మీద కొలత పక్కనే ఉండే సంఖ్య, అక్షరం కూడా చూడాలి. 88హెచ్ అంటే ఆ టైరు ఒక్కటి 560 కిలోల బరువు మోయగలదని, గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని అర్థం. 82 ఉంటే మోసే బరువు 475 కిలోలకు పడిపోతుంది. కొత్త టైరు సంఖ్య పాతదాని కంటే తక్కువ కాకూడదు.

ప్రశ్న: ఇనుప రిమ్ముల కంటే అలాయ్‌లు తేలిక కాబట్టి మైలేజీ పెరుగుతుందంటారు. ఎంతవరకు నిజం? నకిలీ అలాయ్‌లను గుర్తించేదెలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: అల్యూమినియం తేలిక లోహమే గాని ఉక్కు కంటే బలం తక్కువ గనుక అలాయ్ చక్రంలో ఊచలను, అంచును మందంగా పోయవలసి వస్తుంది. అందువల్ల అదే కొలతలో పోత పోసిన మామూలు అలాయ్‌కూ ఉక్కు రిమ్ముకూ బరువులో పెద్ద తేడా లేకపోవచ్చు. కొలత పెంచితే అలాయ్ బరువే ఎక్కువ కావచ్చు. నిజంగా తేలికైనవి ఫోర్జింగ్ పద్ధతిలో, అంటే లోహపు దిమ్మను తీవ్రమైన ఒత్తిడితో నొక్కి చేసినవి. వాటి ధర మామూలు కారు యజమానికి అందుబాటులో ఉండదు. పోత పోశాక అంచును వేడి మీద రోలర్లతో సాగదీసే ఫ్లో ఫార్మింగ్ రకం ఈ రెండింటికీ మధ్యస్థం. కాబట్టి మైలేజీ కోసం అలాయ్ కొనడం సరైన కారణం కాదు. అందం కోసం, కచ్చితమైన గుండ్రదనం కోసం కొంటే తప్పులేదు.

సాధారణంగా పోత అలాయ్‌లో అల్యూమినియంతోపాటు 7 శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం ఉంటాయి. కరిగిన లోహాన్ని తక్కువ పీడనంతో కింది నుంచి అచ్చులోకి ఎక్కిస్తారు, ఆ తర్వాత వేడి చేసి చల్లార్చి గట్టిపరుస్తారు. మీ ఊరికి దగ్గర్లోనే, దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలిలోని సినర్జీస్ క్యాస్టింగ్స్ ఇటువంటి కారు చక్రాలను తయారుచేసే సంస్థ. చివర్లో చేసే ఈ వేడి ప్రక్రియను సరిగా జరపకపోయినా, పోతలో గాలి బుడగలు మిగిలినా చక్రం బయటికి చక్కగానే కనిపిస్తుంది, దెబ్బ తగిలినప్పుడు మాత్రం వంగడానికి బదులు పగులుతుంది. కొనేవారు పైకి చూసి కనిపెట్టగలిగేది కాదు కనుకనే ముద్రలను చూడాలి. రిమ్ము వెనక వైపు తయారీదారు గుర్తు, కొలతలు, మోయగల బరువు, తయారైన నెల, సంవత్సరం పోతలోనే వచ్చి ఉండాలి. మన దేశంలో ఐఎస్ఐ గుర్తు, జపాన్ ప్రమాణాన్ని పాటించిన వాటిలో జేడబ్ల్యూఎల్, వీఐఏ అక్షరాలు కనిపిస్తాయి. ఇవేవీ లేకుండా స్టిక్కరు మాత్రమే అంటించి ఉన్నదాన్ని ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు.

ప్రశ్న: నెలకోసారి మా పొలం దగ్గరికి కారులో వెళ్లివస్తాను. వానలు పడ్డాక ఈమధ్య వెళ్లి తిరిగి హైవే ఎక్కగానే 80 దాటితే స్టీరింగ్ విపరీతంగా వణికింది. మెకానిక్ అలైన్‌మెంట్ చేయించమన్నాడు. చేయించినా వణుకు పోలేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నంద్యాల

సమాధానం: మీరు వెళ్లింది నల్లరేగడి నేలలోకి అయితే ముందు చక్రాల లోపలి వైపు చూడండి. తడిసిన రేగడి మట్టి రిమ్ము లోపలి గుండ్రటి భాగానికి ముద్దగా అంటుకుని, ఎండాక రాయిలా గట్టిపడుతుంది. బయటి నుంచి కారు కడిగినప్పుడు అక్కడికి నీళ్లు చేరవు. 50 గ్రాముల మట్టి ఒకే చోట అంటుకుందనుకుంటే, 100 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు 14 సార్లు తిరిగేటప్పుడు ఆ చిన్న ముద్ద చక్రాన్ని సుమారు 7 కిలోల బరువుతో లాగినంత బలంగా గుంజుతుంది. 50 కిలోమీటర్ల వేగంలో ఆ బలం నాలుగో వంతే కాబట్టి ఊళ్లో నడిపినప్పుడు మీకు ఏమీ తెలియదు. కారును జాకీ మీద ఎత్తించి, నీళ్ల పైపుతో లోపలి వైపు నుంచి నానబెట్టి, చెక్క పుల్లతో మట్టిని తీసేయండి. ఇనుప చువ్వతో గీకితే పెయింటు పోతుంది, లోపల అంటించిన బ్యాలెన్సింగ్ సీసపు ముక్కలు కూడా ఊడిపోతాయి.

మట్టి లేకపోయినా వణుకు ఉంటే అది బ్యాలెన్సింగ్‌కు సంబంధించినదే కావచ్చు. అలైన్‌మెంట్‌నూ బ్యాలెన్సింగ్‌నూ చాలామంది ఒకటిగా భావిస్తారు. చక్రాలు నేలతోనూ ఒకదానితో ఒకటీ ఏ కోణంలో ఉండాలో సరిచేసేది అలైన్‌మెంట్. అది తప్పితే కారు ఒక పక్కకు లాగుతుంది, స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా వంకరగా ఉంటుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది. చక్రంలో బరువు అన్ని వైపులా సమానంగా ఉండేలా చూసేది బ్యాలెన్సింగ్. అది తప్పినప్పుడే ఒక నిర్దిష్ట వేగంలో వణుకు మొదలవుతుంది. స్టీరింగ్ వణికితే ముందు చక్రాల్లోనూ, సీటు కింద వణికితే వెనక చక్రాల్లోనూ లోపం ఉండే అవకాశం ఎక్కువ. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వణికితే చక్రాన్ని వదిలి బ్రేకు డిస్కులను చూపించండి.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. అలాయ్‌ల మీద తెల్లటి మచ్చలు, పెయింటు కింద దారాల్లాంటి గీతలు వచ్చాయి. పైగా ఒక చక్రంలో రెండు వారాలకోసారి గాలి తగ్గుతోంది. పంక్చర్ షాపులో టైరుకు ఏమీ లేదంటున్నారు.
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీరు చెప్పిన రెండు లక్షణాలకూ మూలం ఒకటే అయి ఉంటుంది. అలాయ్ మీద పారదర్శకమైన ఒక లక్కర పూత ఉంటుంది. చిన్న రాయి తగిలినా, నట్టు విప్పేటప్పుడు పాన గీసుకున్నా ఆ పూత లేస్తుంది. అక్కడి నుంచి ఉప్పు తేమ లోపలికి చేరి, పూత కిందనే అల్యూమినియాన్ని తింటూ దారాల్లా పాకుతుంది. కనిపించే తెల్లటి పొడి అల్యూమినియం ఆక్సైడ్. ఇదే తుప్పు టైరు అంచు కూర్చునే చోట కూడా పుడితే అక్కడి నునుపు పోయి, రబ్బరుకూ లోహానికీ మధ్య నుంచి గాలి కొద్దికొద్దిగా జారుకుంటుంది. టైరుకు చిల్లు లేకపోయినా గాలి పోతున్నదంటే కారణం ఇక్కడో, వాల్వులోనో, రిమ్ము పగులులోనో ఉంటుంది. చక్రం విప్పించి, మామూలుగా ఉండవలసిన గాలి నింపి, అంచు చుట్టూ రెండు వైపులా, వాల్వు మొదట్లో, రిమ్ము లోపలి భాగమంతటా సబ్బు నీళ్లు పోయించండి. బుడగలు ఎక్కడ లేస్తే అక్కడే లోపం.

అంచు దగ్గరైతే టైరును రిమ్ము నుంచి విడదీసి, తుప్పును మెత్తని స్క్రబ్బరుతో పూర్తిగా తీసి, ఆ చోట అంచుకు పూసే సీలెంట్ రాసి తిరిగి బిగిస్తారు. రబ్బరు వాల్వును కూడా అదే సమయంలో మార్పించండి. టైరు విప్పిన తర్వాత బ్యాలెన్సింగ్ తప్పనిసరి. పైన కనిపించే మచ్చలకు పూత తీసి మళ్లీ పెయింటు వేయించడమే మార్గం. మీవి ముఖం మెరిసేలా యంత్రంతో చెక్కిన డైమండ్ కట్ రకమైతే మళ్లీ చెక్కించిన ప్రతిసారీ లోహం కొంత తగ్గిపోతుందని గుర్తుంచుకోండి. సముద్రపు గాలి తగిలే చోట పూర్తిగా పెయింటు వేసిన అలాయ్‌లే ఎక్కువ కాలం మన్నుతాయని మా అభిప్రాయం.

ఇకపై వారానికోసారి మంచినీళ్లతో చక్రాల లోపలి వైపు కూడా కడగండి. ఇసుక తీరం మీదికి కారు తీసుకువెళ్లిన రోజున రాత్రికి వాయిదా వేయకుండా అదే పూట కడగాలి. చక్రం బ్రేకుల వేడితో ఉన్నప్పుడు చన్నీళ్లు కొట్టవద్దు, చల్లారనివ్వండి. బ్రేకుల నుంచి వచ్చే నల్లటి ఇనుప పొడిని వదిలించడానికి కొన్ని వాషింగ్ సెంటర్లలో ఆమ్లం కలిపిన ద్రావకం వాడతారు. క్షణంలో మెరుస్తుంది గాని పూతను బలహీనపరుస్తుంది. కారు షాంపూ, మెత్తని బ్రష్షు చాలు.

ప్రశ్న: గుంతలో పడి ముందు అలాయ్ లోపలి అంచు వంగింది, సన్నటి పగులు కూడా ఉంది. వెల్డింగ్ చేసి, పెయింటు వేస్తే కొత్తదానిలా ఉంటుందని చెబుతున్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: చేయించవద్దు. పగులు ఉన్న అలాయ్‌ను మార్చవలసిందే. తయారీలో చేసిన వేడి ప్రక్రియ వల్ల లోహానికి వచ్చిన బలం వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల పోతుంది. అతుకు గట్టిగా ఉన్నట్టు కనిపించినా దాని పక్కనే మళ్లీ పగులు పుడుతుంది. పగులు లేకుండా లోపలి అంచు కొద్దిగా మాత్రమే వంగి ఉంటే, తగిన యంత్రమున్న చోట నిదానంగా సరిచేయించి, సబ్బు నీళ్లతో పరీక్షించి వాడవచ్చు. ఊచలు కలిసే చోట గాని, నట్ల చుట్టూ గాని వంపు కనిపిస్తే అది కూడా మార్చవలసిందే. ఇనుప రిమ్ము అయితే సొట్ట తీసే వీలు ఎక్కువ. మన రోడ్లకు దాని గొప్ప సుగుణం అదే.

ఆ చక్రం టైరును కూడా విప్పించి లోపలి వైపు చూడండి. పక్క గోడ మీద కోడిగుడ్డులా ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగినట్టే. ఆ టైరు ఎంత కొత్తదైనా వాడకూడదు.

ప్రశ్న: దారిలో చక్రం నేనే మార్చుకోవడం నేర్చుకోవాలని ఉంది. నట్లు ఎంత బిగించాలో తెలియడం లేదు. షాపులో గాలి గన్నుతో బిగించిన నట్లు మాత్రం నావల్ల కదలడమే లేదు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ కారు పుస్తకంలో వీల్ నట్ల బిగింపు ఎంత ఉండాలో న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది. మనం వాడే చిన్న, మధ్యతరహా కార్లలో అది ఎక్కువగా 85 నుంచి 130 మధ్య ఉంటుంది. 30 సెంటీమీటర్ల పొడవున్న పాన చివర సుమారు 35 కిలోల బలంతో నొక్కితే వచ్చేది దాదాపు 100 న్యూటన్ మీటర్లు. 70 కిలోల మనిషి ఆ పాన చివర ఎక్కి నిలబడితే దానికి రెట్టింపు అవుతుంది. కాలితో తొక్కి బిగించడం, గన్నును అదేపనిగా మోగించడం మంచివి కావనేది ఇందుకే. అతిగా బిగిస్తే స్టడ్డు సాగి బలహీనపడుతుంది, బ్రేకు డిస్కు వంకరపోవచ్చు, చివరికి దారిలో మీకు అవసరమైనప్పుడు నట్టు ఊడదు. షాపువారిని గన్నుతో కొద్దిగా మాత్రమే బిగించి, ఆఖరి బిగింపు, ఎంత బిగిసిందో కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో చేయమని అడగండి. అలా అడగడం మీ హక్కు, సంకోచించవలసిన పని లేదు.

మార్చే పద్ధతి ఇలా ఉంటుంది. కారును గట్టి సమతల నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, ఎదురు మూలనున్న చక్రానికి రాయి అడ్డం పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లను అర చుట్టు వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. కొత్త చక్రం పెట్టే ముందు హబ్బు ముఖం మీద తుప్పు పొలుసులు, మట్టి తుడవండి, అవి మధ్యలో చిక్కితే బిగింపు తర్వాత వదులవుతుంది. నట్లన్నీ ముందు చేతితోనే తిప్పి ఎక్కించాలి. మొదటి చుట్లలోనే గట్టిగా తగిలితే మర పట్టలేదని అర్థం, పానతో బలవంతం చేయకుండా విప్పి మళ్లీ ఎక్కించండి. ఆపైన ఒకదాని తర్వాత దాని ఎదుటిది వచ్చేలా బిగించాలి. జాకీ దించాక ఆఖరి బిగింపు ఇచ్చి, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచిన తర్వాత మరోసారి సరిచూడాలి.

అలాయ్‌లు మార్చినవారందరికీ వర్తించే ఒక ముఖ్య విషయం కూడా చెప్పాలి. నట్టు కూర్చునే గాడి ఆకారం అన్ని చక్రాలకూ ఒకటి కాదు. బయట దొరికే అలాయ్‌లలో ఎక్కువ భాగం ఏటవాలు గాడి, హోండా వారి అసలు చక్రాలకు గోళాకారపు గాడి. హోండా నట్లతో బయటి అలాయ్‌ను బిగిస్తే గాడికీ నట్టుకూ మధ్య సన్నటి గీత మేర మాత్రమే తాకిడి ఉంటుంది, ఎంత బిగించినా అది నిలవదు. మర కూడా చూసుకోవాలి. మారుతీ సుజుకి కార్ల నట్లు 12 మి.మీ. స్టడ్డుకు 1.25 మి.మీ. మర (పక్కపక్క మర గీతల మధ్య దూరం), హ్యుందాయ్, టయోటా, హోండాలవి 1.5 మి.మీ. మర. చూడడానికి ఒకేలా ఉంటాయి గాని ఒకదాని నట్టు మరొకదానికి ఎక్కిస్తే మర పాడవుతుంది. మీ స్టెప్నీ ఇనుప రిమ్ము అయితే దానికి ఏ నట్లు సరిపోతాయో ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూసుకోండి.

ప్రశ్న: మా వైపు వేసవిలో ఎండలు తీవ్రం. టైరు పేలుతుందన్న భయంతో గాలి తగ్గించి నడుపుతున్నాం. సరైనదేనా? నైట్రోజన్ నింపితే మేలా?
– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

సమాధానం: సరైనది కాదు. రెంటచింతల ఎండలు తెలిసినవారికి ఆ భయం సహజమే గాని, ఎండలో టైరు దెబ్బతినడానికి ఎక్కువగా తోడ్పడేది తక్కువ గాలే. గాలి తక్కువైన టైరు పక్క గోడ ప్రతి చుట్టులోనూ అతిగా వంగి లేస్తూ లోపల వేడి పుట్టిస్తుంది, ఆ వేడికే పొరలు విడిపోతాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. ఉదయం 32 ఉన్నది మధ్యాహ్నం ప్రయాణంలో 37 చూపించడం లోపం కాదు, టైరును ఆ పెరుగుదలకు తట్టుకునేలాగే తయారుచేస్తారు. అప్పుడు తీసేసి 32కు దించితే మర్నాటి ఉదయానికి 27 దగ్గర ఉంటుంది. డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే చీటీలో రాసిన ఒత్తిడిని ఉదయాన్నే, కారు కదలక ముందు చూసి నింపండి. నిండుగా మనుషులు, సామాను ఉన్నప్పుడు ఎంత ఉండాలో కూడా అదే చీటీలో ఉంటుంది. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే ఉంది. విడిగా నింపించినందువల్ల తేమ లేకపోవడం, కాస్త నెమ్మదిగా తగ్గడం తప్ప పెద్ద లాభం లేదు, పరీక్ష మాత్రం మానకూడదు.

టైరు గాళ్లలో అక్కడక్కడ చిన్న దిమ్మెలు ఉంటాయి. అరుగుదల వాటి మట్టానికి వస్తే లోతు 1.6 మి.మీ. మిగిలినట్టు. అదే మన చట్టం కార్లకు అనుమతించే కనీస లోతు. వేసవిలో తప్పించుకున్నా తొలకరి వానకు అటువంటి టైరు జారుతుంది. పక్క గోడ మీద తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది, 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారం.

ప్రశ్న: ఉద్యోగరీత్యా మాంట్రియల్‌కు వచ్చాం. ఇక్కడి తెలుగు మిత్రులు చలికాలం కోసం విడిగా నాలుగు ఇనుప రిమ్ములు కొనమంటున్నారు. అది అవసరమా?
– ఒక పాఠకురాలు, కెనడా

సమాధానం: మీ మిత్రుల సలహా మంచిదే. క్వెబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు శీతాకాలపు టైర్లు చట్టరీత్యా తప్పనిసరి. పర్వత శిఖరాల మధ్య మంచు రేకు గుర్తు ఉన్నవి చూసి కొనండి. 7 డిగ్రీల కంటే చల్లబడితే మామూలు టైరు రబ్బరు గట్టిపడుతుంది, వీటి రబ్బరు మెత్తగానే ఉంటుంది. ఒకే రిమ్ముల మీద ఏడాదికి రెండుసార్లు టైర్లు ఎక్కించి దించితే టైరు అంచులు నలుగుతాయి, ప్రతిసారీ ఖర్చు అవుతుంది. విడి రిమ్ములుంటే చక్రాలు మార్చుకుంటే సరిపోతుంది. రోడ్ల మీద చల్లే ఉప్పుకు అలాయ్ పూత పాడయ్యే బెడద కూడా ఇనుప రిమ్ములతో ఉండదు. అవి తుప్పు పడితే మళ్లీ పెయింటు వేయించడం తేలిక. కాకపోతే రిమ్ము లోపల, డిస్కును పట్టి ఆపే బ్రేకు క్యాలిపర్‌కు తగినంత చోటు ఉందో లేదో, మీ కారుకు గాలి ఒత్తిడి చూపే సెన్సర్లు ఉంటే కొత్త రిమ్ముల్లోనూ వేయించాలో లేదో కొనేముందు కనుక్కోండి.

ప్రశ్న: కొనబోయే కొత్త కారులో స్టెప్నీ లేదు, పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తామంటున్నారు. ఇది చట్టసమ్మతమేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: సమ్మతమే. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడిని చూపే వ్యవస్థ, మరమ్మతు కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదని 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించారు. అయితే ఆ కిట్ మేకు గుచ్చుకున్న చిన్న చిల్లులకే పనికొస్తుంది. పక్క గోడ చిరిగినా, రిమ్ము పగిలినా దానితో ఏమీ చేయలేం. మీరు తరచూ దూర ప్రయాణాలు చేసేవారైతే, ముఖ్యంగా రాత్రివేళ, అదే పీసీడీ, అదే వ్యాసం గల స్టెప్నీని విడిగా కొని డిక్కీలో కదలకుండా బెల్టుతో కట్టుకోండి. జాకీ, పాన కూడా కిట్‌తో రావు కాబట్టి వాటినీ విడిగా కొనవలసి ఉంటుంది. ఇప్పటికే స్టెప్నీ ఉన్నవారిలో చాలామందికి అది మిగిలిన నాలుగింటి కంటే చిన్నదై ఉంటుంది. దాని మీద రాసి ఉన్న వేగ పరిమితి, సాధారణంగా 80 కిలోమీటర్లు, దాటకుండా పంక్చర్ షాపు వరకే నడపాలి. దాని గాలిని కూడా నెలకోసారి చూడాలి.